గంగాధరరావుకు నచ్చని ఇళ్లు

నాచారంలో గంగాధరరావుకు నచ్చిన ఇల్లంటూ లేదు. కట్టినవాడికి బుద్ధి లేదంటాడు, కొన్నవాడికి కళ్లు లేవంటాడు. తార్నాక దగ్గర ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగం వెలగబెట్టి రిటైరయిన పెద్దమనిషి. అక్కడ ఆయన ఏం కనిపెట్టాడో ఈనాటికీ ఎవరికీ తెలియదు గాని, ఎదుటివాడిలో లోపం కనిపెట్టడంలో మాత్రం ఆయనకు ఆయనే సాటి.

ఆదివారం వచ్చిందంటే చాలు, భార్య తారామణిని వెంటబెట్టుకుని ఉప్పల్ చుట్టుపక్కల టవర్లలో మోడల్ ఫ్లాట్లు చూడటానికి బయలుదేరతాడు. కొనే ఉద్దేశం ఏ కోశానా లేదు. ఈసడించి రావడమే పని. సేల్స్ ఆఫీసు ఏసీలో కూర్చుని, అక్కడి అమ్మాయి ఇచ్చిన జ్యూసు తాగుతూ, "డబ్బుకు వెనకాడే మనిషిని కానమ్మా. మనిషెలా బతకాలో తెలిసినవాడు కట్టాలిగా!" అంటాడు. ఆయన బతకాల్సిన ఇంట్లో గదినిండా పుస్తకాలుండాలి, సంగీతం వినడానికి వేరే హాలుండాలి, పొద్దున్నే నడవడానికి తోట ఉండాలి. పోపు ఘాటు ముక్కుకు తగలకుండా వంటగది ఎక్కడో వెనకుండాలి. ఆ వంటగదిలో నిలబడేది ఎవరో ఆయన ఎన్నడూ చెప్పలేదు. అంత చిన్న విషయం ఆయన బుర్రకెక్కదు.

ఉన్న ఇల్లేమో వానాకాలం వస్తే గోడలన్నీ చెమ్మ. వంటగదికి కిటికీ లేక తారామణి పొగకు దగ్గి దగ్గి సగమైంది. ఇల్లు డెవలప్‌మెంటుకిద్దామని ఆమె ఏళ్ల తరబడి పోరుతోంది. బిల్డరు పాతది పడగొట్టి అపార్ట్‌మెంటు కడితే, స్థలానికి బదులు మనకు ఫ్లాట్లు వస్తాయి. గల్లీలో అందరూ అలాగే ఇచ్చారు. గంగాధరరావు మాత్రం వచ్చిన ప్రతి బిల్డరునూ గుమ్మంలోంచే సాగనంపాడు. ఒకడి చొక్కా నచ్చలేదు, ఇంకొకడి ఇంగ్లీషు నచ్చలేదు.

చివరికి మిగిలినవాడు దుర్గేష్. ఒక రోజు వాళ్ల హాల్లో బల్ల మీద ప్లాను పరిచి, రెండు ఫ్లాట్లిస్తానన్నాడు. "గిది ఆఖరి మాట సార్. మీరు కాదంటే ఎనక గల్లీల ఇంకో జాగ సూసిన, గాడ మొదలువెడ్త. మళ్ల రాను."

గంగాధరరావు ప్లానును వేళ్ల కొసలతో పట్టుకుని చూశాడు. "దీన్ని ఇల్లంటారా? ఆ రెండూ కలిపి ఒకటి చేసినా నా పుస్తకాలకు చాలదు. తీసుకుపోవయ్యా."

వంటగది గుమ్మంలో నిలబడ్డ తారామణి హాల్లోకి వచ్చింది. ఇతనూ వెళ్లిపోతే తాను ఈ పొగలోనే పోవాలి.

దుర్గేష్ లేవలేదు. ఆమె వైపు తిరిగాడు. ఏటేటా ఆఫీసుకు ఆస్తుల వివరాలు రాసివ్వడం నామోషీ అనుకుని, ఈ మహానుభావుడు అప్పట్లో ఇల్లు భార్య పేరున రాయించి, ఆ సంగతే మర్చిపోయాడు. బిల్డర్లు అలాంటివి మర్చిపోరు.

"సంతకం మీది గదమ్మా. సార్ ముచ్చట్లు మస్తు విన్న. పైసల ఫికరే లేదనుకోన్రి, గప్పుడు మీరెట్ల బతుకుతరో జెప్పున్రి. గట్లనే కట్టిస్త."

గంగాధరరావు పకపకా నవ్వాడు. "దానికేం తెలుసయ్యా! పంచదార డబ్బా ఎక్కడ పెట్టాలో అడుగు, చెబుతుంది."

తారామణికి ఒళ్లు మండిపోయింది. ప్లానును తన వైపు తిప్పుకుంది.

"రెండూ కలపొద్దు బాబూ. పక్కపక్కన కూడా వద్దు. కింద అంతస్తులోది ఆయనకు, పై అంతస్తులోది నాకు. నాదాంట్లో వంటగదికి పెద్ద కిటికీ పెట్టించు."

దుర్గేష్ పెన్ను తీసి ప్లాను మీద కిటికీ గుర్తు పెట్టాడు.

"ఏమిటా పిచ్చి మాటలు?" గంగాధరరావు గొంతు లేచింది. "ఇల్లు నచ్చకపోతే చెప్పి ఏడవొచ్చుగా, సరిచేయిస్తాం!"

"ఇన్నేళ్లూ నాకు నచ్చనిది ఇల్లొక్కటే అనుకున్నారా?" అంది తారామణి.

ఊరందరికీ బతకడం నేర్పిన మనిషి, "మరి నా భోజనం?" అని అడిగాడు.

తారామణి దుర్గేష్ దగ్గర పెన్ను అడిగి తీసుకుంది.