చింతగింజల బుట్ట

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. మా అవ్వ దస్తగిరమ్మ నోరు అంత మంచిది కాదు. అయినా పెనుకొండలో మా వీధి బాగుపడింది ఆ నోటివల్లనే అంటాను. కాదనేవాళ్లు వచ్చి నాతో వాదించుకోవచ్చు.

మేం దూదేకులవాళ్లం. పేర్లు సాయిబుల పేర్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. తుర్కల వీధిలో మమ్మల్ని తెలుగోళ్లనేవాళ్లు, తెలుగోళ్ల వీధిలో తుర్కోళ్లనేవాళ్లు. తాత పోయాక, ఆయన దూది ఏకే విల్లును అవ్వ గోడ మీద నుంచి దించింది. ఆడది విల్లు పట్టడమేమిటని చుట్టాలు గొణిగారు. గొణిగినవాళ్లెవరూ గిన్నెడు కొర్రలు తెచ్చి పెట్టలేదు గనక ఆమె వాళ్ల మాట వినలేదు. హిందూపురం నుంచి రైల్లో పత్తి తెచ్చుకుని, ఇంటింటికీ తిరిగి పరుపులు ఏకి, బొంతలు కుట్టి నలుగురు పిల్లల్ని పెంచింది.

మాలో ఎవరైనా పోతే మూడోరోజు జియారత్ చేస్తారు. ఖురాన్‌లోని ముప్పై భాగాలు ముప్పై విడి పుస్తకాలుగా ఉంటాయి, వాటినే సిపారాలంటారు. చదవడం వచ్చిన ఆడవాళ్లు తలా ఒకటి తీసుకుని, మధ్యాహ్నం నమాజు వేళకు మొత్తం ముగించి, పోయినవాళ్ల కోసం దువా చేస్తారు. చదవడం రానివాళ్లు గుమ్మం దగ్గర కూర్చుని, బుట్టలోని చింతగింజలు తీసుకుని, గింజకొకసారి చిన్న సూరా, అంటే ఖురాన్‌లోని ఒక అధ్యాయం, చెప్పుకుంటారు. మా దూదేకుల ఆడవాళ్లకు ఎప్పుడూ గింజలే. చదవడం వచ్చా అని అడిగేవాళ్లు లేరు, బుట్ట మా ముందుకు జరిగేది. గింజ మీద చెప్పినా, పుస్తకం చూసి చదివినా దేవుడి మాట దేవుడి మాటే. అవ్వకు కోపమంతా అడక్కుండా బుట్ట జరిపే ఆ చేతి మీద.

ఆ చెయ్యి మహబూబ్‌బీది. మసీదు వ్యవహారాలు చూసే పెద్దమనిషి భార్య. ఎవరింట జియారత్ జరిగినా సిపారాలు పంచేది ఆమే. ఒకసారి వాళ్లింట్లో పరుపు ఏకుతూ అవ్వ తనకు చదవడం నేర్పించమని అడిగింది. ఉర్దూ ముక్క రాని మనిషికి అరబ్బీ కావాలట అని ఆమె ఇంటిల్లిపాదికీ చెప్పి నవ్వించింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు అన్నారట ఆ ఆడవాళ్లు. అవ్వ పరుపు సగంలో వదిలేసి వచ్చేసింది. ఆ దూది వాళ్ల వసారాలో నెల రోజులు ఎగిరిందట. బాగా అయింది.

నేర్పించింది షంషాద్‌బీ. కోట కింది వీధిలో ఒంటరిగా ఉండే ముసలామె, నడుము పడిపోయి మంచం దిగలేకపోయేది. ఆమె పరుపు ఏకడానికి వెళ్లిన అవ్వ ఆమె వల్లించేది వింటూ విల్లు ఆపేసింది. అలా మొదలైంది. మూడేళ్లపాటు రోజూ పొద్దున్నే కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కుని, వజూ చేసుకుని వెళ్లి, చిన్న సూరాలుండే ముప్పయ్యో సిపారాలో రెండు మూడు వాక్యాలు నేర్చుకునేది. ఇంటికొచ్చి విల్లు మీటుతూ అవే వల్లించేది. తప్పు పోయినా విల్లు మోతలో ఎవరికీ వినపడేది కాదు. షంషాద్‌బీ అర్థం కూడా తెలుగులో చెప్పేది. నలభై దాటిన అవ్వకు అక్షరాలు నెమ్మదిగా వచ్చాయి, కంఠతా మాత్రం గట్టిగా పట్టుబడింది.

చివరి రోజుల్లో షంషాద్‌బీ ఆమె దగ్గర ఒక మాట తీసుకుంది. "నా జియారత్ నాడు ఈ సిపారా నువ్వే చదవాల. గింజలు ముట్టుకుంటివా, ఊరుకోను." చదువుతానని అవ్వ మాటిచ్చింది.

1937 ఎండాకాలంలో షంషాద్‌బీ పోయింది. మూడోరోజు అవ్వ వెళ్లేసరికి ఖాళీ మంచం గోడకు నిలబెట్టి ఉంది, మహబూబ్‌బీ సిపారాలు పంచుతోంది. పోయినామెకు మాటిచ్చానని, ముప్పయ్యోది తనకిమ్మని అవ్వ అడిగింది. మహబూబ్‌బీ మొహం చిట్లించుకుని పక్కకు తిరిగింది. ఆ పుస్తకాన్ని తన ఒళ్లోనే పెట్టుకుంది. చింతగింజల బుట్ట అవ్వ ముందుకు జరిగింది.

అప్పటికి మా అమ్మకు పన్నెండేళ్లు. అవ్వ పక్కనే కూర్చుని అంతా చూసిందట. గింజలు తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు, కానీ ఇచ్చిన మాట పోతుంది. షంషాద్‌బీకి మళ్లీ మూడోరోజు రాదు. అవ్వ బుట్టను వెనక్కి నెట్టి, ముసుగు సర్దుకుని, బిస్మిల్లా చెప్పి, పుస్తకం లేకుండానే ఎత్తుకుంది. పైకే చదివింది. మిగిలిన గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మూడో సూరా ముగిసినప్పుడు మహబూబ్‌బీ అడిగింది.

"ఏం చదివితివో తెలుసునా నీకు?"

"తెలుసు. చూపు లేనాయన ఒకడు నేర్చుకుందామని మన ప్రవక్త రసూల్ కాడికి వచ్చినాడు. రసూల్ ఊరి పెద్దోళ్లతో మాట్లాడతా, మొగం చిట్లించుకోని పక్కకు తిరిగినాడు. అట్ల చేస్తివేమని అల్లా అడిగినాడు. అంతటాయన్నే అడిగినాడే, మనల్ని ఊరికే ఇడుస్తాడా?"

మహబూబ్‌బీ పుస్తకం ఇవ్వలేదు. దాన్ని తెరిచి, అవ్వ చదువుతుంటే వేలు పెట్టి వెంట వచ్చింది. రెండు చోట్ల తప్పు పట్టుకుంది. అవ్వ ఆ రెండూ దిద్దుకుని చివరిదాకా పోయింది. నమాజు వేళకు ముందే ఖురాన్ పూర్తయింది.

మర్నాటి నుంచే మా దూది కొట్టంలో దూదేకుల ఆడవాళ్లకు, ఆడపిల్లలకు చదువు మొదలైంది. ధర్మవరం చుట్టాలు కూడా పిల్లల్ని పంపేవాళ్లు. పాఠం అరబ్బీలో, అర్థం తెలుగులో. దేవుడి మాట తెలుగులో చెప్పడమేమిటని మసీదు నుంచి ముగ్గురు పెద్దలు వచ్చి గదమాయించారు. అవ్వ విల్లు దించకుండానే జవాబు చెప్పింది.

"మేం తెలుగులో మొర పెట్టుకుంటే ఆయనకు తెలుస్తాది గదా. ఆయన చెప్పింది తెలుగులో మాకు తెలియకూడదా?"

వాళ్లు తలపాగాల మీద పడిన దూది దులుపుకుని వెళ్లిపోయారు. చదువు ఆగలేదు.

ఎనిమిదేళ్లు గడిచాయి. ఒక పొద్దున మహబూబ్‌బీ గోడ తడుముకుంటూ మా కొట్టానికి వచ్చింది. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. జీవితమంతా పుస్తకం చూసి చదివిన మనిషికి ఇప్పుడు అక్షరం కనపడటం లేదు, కంఠతా వచ్చింది కొంచెమే. విని నేర్చుకుంటానంది. ఆడవాళ్లంతా అవ్వ మొహం వైపు చూశారు. తనకు ఒళ్లు మండిపోయిందని, మొహం చిట్లించానని కూడా అవ్వే నాతో ఒప్పుకుంది. ఆ చిట్లింపు ఎదుటి మనిషికి కనపడదు. అది తోచగానే తాను చదివిన సూరా తనకే తగిలిందట.

మహబూబ్‌బీ గుమ్మం దగ్గరే, చెప్పుల పక్కన చతికిలబడింది. బుట్ట కోసం కాబోలు, చేత్తో నేల తడుముతోంది. అవ్వ విల్లు పక్కన పెట్టి లేచింది.

"ఆడ కాదు, లెయ్యి," అంది ఆమె రెక్క పట్టుకుని. "ఈడ గింజల బుట్ట పెట్టము. వచ్చి నా పక్కన కూసో. తప్పు పోతే మాత్రం ఊరుకోను."