గీతకు ఎడమ కొన

గుంటూరు జిల్లా మొత్తానికి రేఖాగణితం నేర్పినవాణ్ణి నేనే. నల్లబల్ల మీద నేను ఉత్తచేత్తో గీసిన వృత్తాన్ని ఇన్‌స్పెక్టరు వృత్తలేఖిని తెప్పించి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదని నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. మా నల్లగండ్ల అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో ఎవర్నడిగినా ఈ సంగతి చెబుతారు, ఎందుకంటే అందరికీ నేనే చెప్పాను. నిజానికి నేను పనిచేసింది ఒక్క హైస్కూల్లో. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున జ్వరమని సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. వృత్తం గీయడం మాత్రం అబద్ధం కాదు. కాస్త గుమ్మడికాయలా వచ్చేది, అంతే.

ఆదివారం సాయంత్రాలు కంప్యూటర్ ఉద్యోగాల కుర్రాళ్ళు దొరికితే కూర్చోబెట్టి పాఠం చెప్పేవాణ్ణి. ఈజిప్టులో వరద తీశాక చెరిగిపోయిన పొలం హద్దుల్ని తాళ్ళతో మళ్ళీ కొలుచుకునేవాళ్ళనీ, మన దగ్గర యజ్ఞవేదికలు కట్టేవాళ్ళు రెండు మేకులూ ఒక తాడూ పట్టుకుని చతురస్రాన్ని వృత్తంగా మార్చడానికి నానా తంటాలూ పడ్డారనీ చెప్పేవాణ్ణి. సముద్రపొడ్డున ఒక రేవుపట్నంలో కూర్చుని ఒక గ్రీకు పెద్దాయన అదంతా ఒక వరసలో పేర్చాడు. అరబ్బులు దాన్ని తమ భాషలోకి దించుకుని కాపాడారు. చివరికి తెల్లవాళ్ళు దాన్ని పరీక్షగా మార్చి మన పిల్లల నెత్తిన పెట్టారు. ఇంతా విని ఒకడు, "అంకుల్, ఇప్పుడిదంతా సాఫ్ట్‌వేరే గీసేస్తుంది కదా" అనేవాడు. "గీస్తుంది నాయనా, ఎందుకలా గీశావంటే నోరు విప్పదు" అనేవాణ్ణి.

ఆ శాస్త్రంలో నాకు నచ్చింది దాని మర్యాద. ముందు దత్తాంశం, అంటే మనకు ఇచ్చినది. తర్వాత సారాంశం, అంటే నిరూపించవలసినది. ఆపైన నిర్మాణం, చివర ఉపపత్తి, అంటే రుజువు. రాజైనా కూలివాడైనా ఈ నాలుగు మెట్లూ ఎక్కితే ఒకే చోటికి చేరతాడు. బయట ఎన్ని కోతలు కోసినా బోర్డు ముందు మాత్రం నేను కొయ్యలేదు, అక్కడ కుదరదు. ఆ అలవాటుకొద్దీ ఇంట్లో ఏ తగువొచ్చినా, "ముందు దత్తాంశం ఏమిటో చెప్పు" అని మొదలుపెట్టేవాణ్ణి.

"దత్తాంశం నా మొహం. అవతల పాలు పొంగుతున్నాయి, స్టవ్ ఆపండి" అనేది మా ఆవిడ.

తెల్లారి లేస్తే ఆవిడకి రెండు పనులు. గుమ్మం బయట పలకల మీద తడి సుద్దముక్కతో చుక్కల ముగ్గు పెట్టడం, తర్వాత వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకోవడం. వంటింట్లో రెండో మనిషి ఉంటే ఆవిడకి చెయ్యి ఆడదు. మా అమ్మాయిని కూడా రానిచ్చేది కాదు. నేనైతే కాఫీ గ్లాసు గడప ఇవతలే నిలబడి అందుకోవాలి. ఆ ముగ్గులో గీత ఒక్కో చుక్కనూ చుట్టుకుంటూ వెళ్ళి, బయల్దేరిన చోటికే వచ్చి కలిసేది. "దీనికి ఉపపత్తి ఏదీ?" అని వేళాకోళం చేసేవాణ్ణి.

"మీ త్రిభుజాల్ని తొక్కకుండా ఎవరైనా పక్కకి జరిగారా? నా ముగ్గుని చెత్త తీసుకెళ్ళే ఆవిడ కూడా దాటుకుని వెళ్తుంది" అనేది.

ఆ మాట కూడా క్లబ్‌హౌస్‌లో నాదిగానే చెప్పేశాను.

కిందటి వేసవిలో ఆవిడ మెదడులో కుడివైపు రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి మాట బాగుంది, జ్ఞాపకం బాగుంది, ఎడమ కాలు మాత్రం కాస్త ఈడ్చేది. గండం గడిచిందనుకున్నాం. మర్నాడు భోజనం దగ్గర కంచంలో కుడి సగం శుభ్రంగా తినేసి, "వంకాయ కూర చేశామన్నారు, వెయ్యరేం?" అంది. కూర కంచంలోనే ఉంది, ఎడమవైపు. నేను కంచాన్ని సగం చుట్టు తిప్పాను.

"అడిగితే గానీ వెయ్యరన్నమాట" అని మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

కళ్ళు పోలేదు. డాక్టరు చెప్పినదాంట్లో నాకు అర్థమైనంతవరకు, కళ్ళు చూస్తూనే ఉన్నాయి, మెదడు మాత్రం ఎడమవైపు అనేదాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేసింది. అక్కడ చీకటిగా కూడా ఉండదట. చీకటైతే అటేదో ఉందని తెలుస్తుంది కదా. మన వీపు వెనక ఉన్నది మనకు నల్లగా కనబడదు, అసలు కనబడదు. అలాగట.

ఆ వారంలోనే గోడ పట్టుకుని వెళ్ళి ముగ్గు పెట్టింది. చుక్కలూ మెలికలూ అన్నీ కుడివైపే. మధ్యకు వచ్చేసరికి కత్తితో కోసినట్టు ఆగిపోయాయి. "ఎలా ఉంది?" అని అడిగింది. "బాగుంది" అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళాక మిగతా సగం నేనే పూర్తిచేశాననీ, అద్దంలో బొమ్మలా అచ్చు కుదిరిందనీ ఇక్కడ రాయబోయాను. కుదరలేదు. మెలిక ఎక్కడ తిరగాలో తెలియక, నా గీతల్ని తడిగుడ్డతో తుడిచేశాను.

ఆ తర్వాత స్టవ్ సంగతి. అమ్మాయి ఎడమ పొయ్యి మీద పాలు పెట్టి, ఆఫీసు ఫోన్ వస్తే ముందుగదిలోకి వెళ్ళింది. ఎవరూ చూడకుండా ఈవిడ లోపలికి వెళ్ళి కుడి పొయ్యి మీద చారు పెట్టింది. ఎడమ భుజం మీంచి జారిన కొంగు మంటకు తగిలింది. నేను వెళ్ళేసరికి కొంగు కాలుతోంది, ఆవిడ చారులో ఇంగువ వేస్తోంది.

"ఏదో మాడుతోందండీ, పక్క ఫ్లాట్‌లోనేమో చూడండి" అంది.

ఆవిడ ఎడమ చేతికి మోచేతి దాకా బొబ్బలెక్కాయి. ఆ సాయంత్రమే అమ్మాయి వంటింటి తలుపుకి తాళం పెట్టింది.

"నేనేం చేశానే?" అంది మా ఆవిడ. "కొంగు అంటుకుంటే నాకు తెలియదూ?"

"నీకు తెలియలేదమ్మా. అదే గొడవ."

"మీ నాన్న చెప్పుంటారు. ఆయన గోరంత ఉంటే కొండంత చెబుతారు, తెలుసుగా."

జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పినప్పుడు నాకు దక్కిన పేరు అదీ. ఆ రోజునుంచి ఆవిడ అడిగింది ఒక్కటే. కాలు సంగతి అడగలేదు, చెయ్యి సంగతి అడగలేదు. నా వంటిల్లు నాకెప్పుడిస్తారని అడిగేది.

మాదాపూర్ ఆస్పత్రిలో థెరపీ చేయించే అమ్మాయిది జనగామ వైపు. తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీసి, ఆవిడ ముందు పెట్టింది.

"పెద్దమ్మా, గీ గీతకు నడిమిట్ల ఒక గుర్తు పెట్టుర్రి."

మా ఆవిడ పెన్సిలు తీసుకుని కుడి కొసకు దగ్గర్లో టిక్కు పెట్టి, "ఇంతమాత్రానికి శేరిలింగంపల్లి ట్రాఫిక్‌లో పడి రావాలా?" అంది.

ఒక గీతను సరిగ్గా రెండు సగాలు చెయ్యడం నేను ఏటేటా మొదట చెప్పే పాఠం. ఎంత మొద్దువాడైనా అది మాత్రం చేసి పాసయ్యేవాడు. ఆ కాగితాన్ని నేను రెండుసార్లు తిప్పి చూశాను. డాక్టరు మాత్రం మామూలుగానే చెప్పాడు. వచ్చేసారికి ఆ గుర్తు మధ్యకు దగ్గరపడితే వంటింటి సంగతి ఆలోచిద్దాం, లేకపోతే ఆవిడకి ఆశ పెట్టకండి అన్నాడు.

"అయితే ఆ గుర్తు సరిగ్గా పెడితే నా వంటిల్లు నాకిస్తారు" అంది మా ఆవిడ. వినవలసింది విన్నది.

వచ్చేటప్పుడు థెరపీ అమ్మాయి నాకు పని అప్పగించింది. "సార్, మీరు పెద్దమ్మకు ఎడమ దిక్కే కూసోండ్రి. కూసొని పిలుస్తుండుర్రి. కుడి దిక్కు కూసుంటే ఆమె ఇగ మెడ తిప్పదు. కాయితానికి ఎడమ అంచుకు ఎర్ర టేపు పెట్టి, దాన్ని ఎతకమనుర్రి. జర ఓపిక పట్టాలె."

ఎర్ర టేపులు చిన్నపిల్లలకి అనుకున్నాను. పరీక్ష ఎలా పాస్ చేయించాలో నాకొకరు చెప్పాలా? కింద స్టేషనరీ కొట్లో జామెట్రీ బాక్సు కొన్నాను. గీతకు ఈ కొనన వృత్తలేఖిని గుచ్చి పైనా కిందా ఒక్కో చాపం, అదే వెడల్పుతో ఆ కొనన గుచ్చి మరో రెండు. చాపాలు కోసుకున్న చోట్లను కలిపితే మధ్యబిందువు. రోజూ టిఫిన్ కాగానే డైనింగ్ టేబుల్ దగ్గర పాఠం.

"ఆఖరికి నన్ను కూడా మీ క్లాసులో కూర్చోబెట్టారు" అనేది.

"హాజరు తక్కువైతే పరీక్షకి కూర్చోనివ్వను."

"మీ పరీక్ష ఎవడిక్కావాలి? నాక్కావలసింది నా పొయ్యి."

ముగ్గులు పెట్టిన చెయ్యి కదా, నాలుగు రోజుల్లో చాపాలు నాకన్నా నున్నగా గీసింది. మధ్యబిందువు ప్రతిసారీ మధ్యనే పడేది. అమ్మాయిని పిలిచి చూపించాను. అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

తర్వాత జరిగింది క్లబ్‌హౌస్‌లో నేను చెప్పిన ప్రకారం ఇదీ. డాక్టరు గీత గీసి ఇవ్వగానే మా ఆవిడ సంచీలోంచి వృత్తలేఖిని తీసింది. గదిలో వాళ్ళంతా లేచి నిలబడ్డారు. గుర్తు నట్టనడుమ పడింది. ఏ మందూ చెయ్యని పని గ్రీకుల శాస్త్రం చేసిందని డాక్టరు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఇది విని కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు కూడా.

జరిగింది వేరు. వృత్తలేఖిని తీసిందీ నిజమే, థెరపీ అమ్మాయి నవ్వి "కానియ్యండ్రి పెద్దమ్మా, సూద్దాం" అన్నదీ నిజమే. మా ఆవిడ ముల్లుని కుడి కొనన గట్టిగా గుచ్చి రెండు చాపాలు గీసింది. తర్వాత ముల్లు ఎత్తి, గీత వెంబడే ఎడమకు జరుపుకుంటూ వెళ్ళింది. సగం దాటీ దాటకముందే ఒకచోట ఆగింది. తడబాటు లేదు, కొన దొరికిన మనిషి ముఖమే అది. అక్కడ గుచ్చింది. చాపాలు కోసుకున్నాయి, నిలువు గీత పడింది, గుర్తు పెట్టింది. "చూసుకోండి" అని కాగితం నా వైపు తోసింది.

నేను స్కేలు పెట్టి కొలిచాను. గుర్తు నుంచి కుడి కొనకు ఎంతో, గుర్తు నుంచి ఆవిడ గుచ్చిన చోటికి సరిగ్గా అంతే. నా సర్వీసులో అంత శుభ్రమైన నిర్మాణం ఏ పిల్లవాడూ చేసి ఇవ్వలేదు. ఆవిడ గుచ్చిన చిల్లుకి ఎడమన మిగతా గీత అలాగే ఉంది, ఎవరికీ చెందనట్టు.

మరి ఇంట్లో ఎలా కుదిరింది? ఇంట్లో ప్రతిసారీ ఎడమ కొన మీద నేను వేలు పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని తెచ్చి, "ఇదిగో, ఇక్కడ గుచ్చు" అనేవాణ్ణి. అది సాయమని నాకు తోచనే లేదు. గీత ఇచ్చారంటే రెండు కొనలూ ఇచ్చినట్టే కదా. అన్నేళ్ళూ ఆ మొదటి మెట్టును పిల్లల చేత గడగడా అప్పజెప్పించానే గానీ, అది దొరకని మనిషి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. టేపు వెతికించవలసిన వారాలు అలా ఖర్చయిపోయాయి. వెతికించి ఉంటే నయమయ్యేదా అని డాక్టర్ని అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో కుడివైపు కిటికీలోంచి అద్దాల మేడలు చూస్తూ, "నేను పాసయ్యాను కదండీ?" అంది. నేను ఎడమవైపు కూర్చున్నాను. "పాసయ్యావు" అన్నాను.

ఇంటికొచ్చాక తాళం తియ్యలేదని తెలిసి ఆవిడ గోల చెయ్యలేదు. కంచం ముందు కూర్చుని, తిప్పినా తిప్పకపోయినా తినడం తగ్గించింది. "మాట ఇచ్చి తప్పారు" అని ఒక్కసారి అంది. తర్వాత అదీ మానేసింది. చివరికి అమ్మాయే దిగివచ్చింది. ఎడమ పొయ్యికి తిప్పే మర పీకేసి దాచింది, కొంగు నడుముకి దోపి పిన్ను పెట్టింది.

"నాన్నా, నువ్వు పక్కనే నిలబడాలి. అమ్మకి ఎడమన, పొయ్యి దగ్గర. అలాగైతేనే."

"రెండో మనిషి ఉంటే ఆవిడకి చెయ్యి ఆడదే."

అమ్మాయి నా వంక చూసింది. ఎడమన నిలబడితే ఆవిడకి తెలియదు కదా అని ఇద్దరికీ ఒకేసారి తోచింది.

ఇప్పుడు రోజూ పొద్దున ఆవిడకన్నా ముందు నేను వంటింట్లోకి వెళ్ళి, పొయ్యికి ఎడమన, ఫ్రిజ్‌ను ఆనుకుని నిలబడతాను. ఆవిడ వస్తుంది. తలుపు దగ్గరగా వేసుకుంటుంది. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటాను, ఆవిడకి లేను. థెరపీ అమ్మాయి చెప్పినదాని ప్రకారం ఇక్కడే నేను పిలవాలి. పిలిస్తే మెడ తిప్పవచ్చు. తిప్పితే నేను కనబడతాను, వంటిల్లు మళ్ళీ పోతుంది. రోజూ పిలుద్దామనే వెళ్తాను.

వంట చేసుకుంటూ ఆవిడ తనలో తను మాట్లాడుకుంటుందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. ఇవాళ, "అందరూ ఏదో దాస్తున్నారు. ఏం పోయిందో చెప్పరు. ఆయనైనా చెప్పచ్చు కదా, ఊళ్ళోవాళ్ళకన్నీ చెబుతాడు" అంది. కాఫీ రెండు గ్లాసుల్లో పోసింది. నేను ఆవిడ వెనకనుంచి చప్పుడు కాకుండా జారుకుని, బయటికి వెళ్ళి గడప ఇవతల నిలబడ్డాను.

"ఏమండీ, కాఫీ! ఎక్కడికి పోయారింతసేపూ?"

"క్లబ్‌హౌస్‌కి."

"ఏం కోశారివాళ?"

"గుంటూరు జిల్లా మొత్తానికి రేఖాగణితం నేర్పానని" అన్నాను.

నవ్వింది. గ్లాసు అందుకుని తాగాను. చక్కెర లేదు. డబ్బా ఎడమ అరలోనే ఉండిపోయింది. రేపు ఆవిడ లేవకముందే దాన్ని కూడా కుడివైపుకి మార్చాలి.