మా ఇంటి జావ

ఆళ్లగడ్డలో మాకు ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. డెబ్బైల నడిమి ఏళ్లవి. నాయన హైస్కూల్లో, అమ్మ చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేవాళ్లు. ఇద్దరికీ ఆ ఊరికే బదిలీ అయింది. ఇల్లు చూపించేవాళ్లు, బాడుగ మాట్లాడేవాళ్లు, చివర్లో "మీరేమిటోళ్లు సార్?" అని అడిగేవాళ్లు. నాయన దాచేవాడు కాదు, క్రైస్తవులమనేవాడు. ఆ మాట వినగానే ఆ ఇంట్లోకి ఎవరో చుట్టాలు దిగబోతున్న సంగతి వాళ్లకు గుర్తుకొచ్చేది. మా తాత బండి ఆత్మకూరు దగ్గర పల్లెలో ఒకరి పొలంలో జీతానికి ఉన్న మనిషి. ఊరికి ఎడంగా ఉన్న పేటలో పుట్టాడు. మేం ఏ దేవుణ్ణి మొక్కినా, ఎంత చదివినా, అడిగేవాళ్లకు కావలసింది ఆ పేట సంగతేనని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

ఆఖరికి ఇల్లిచ్చింది ఒక రైతు ఇంటి పెద్దావిడ. భర్త చనిపోయాడు. సేద్యమంతా కొడుకు చూసుకునేవాడు. వాళ్ల పెద్దింటిని ఆనుకుని నాపరాళ్లు పరిచిన రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. మాకివ్వడం కొడుక్కి ఇష్టం లేదు. ఆమె మా ముందరే అతనితో అంది.

"పిల్లోళ్లకు చదువు చెప్పేటోళ్లప్పా. వాళ్లకు ఇల్లు లేదంటే బాగుంటాదా?"

తర్వాత అమ్మవైపు తిరిగి, "బావి కాడికి మాత్రం మీరు రావద్దు టీచరమ్మా. నేనే తోడి పోస్తా" అంది.

అట్లాగే తోడి పోసింది. ఆరేళ్లు, పొద్దునా సాయంత్రం. మోకాళ్ల నొప్పులున్న మనిషి చేంతాడు లాగి మా బిందెలు నింపేది. అది ప్రేమో, అంటు పట్టింపో నాకు తెలిసేది కాదు. రెండూ ఒకే బిందెలో పడేవి. అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది, నేను పెద్దమ్మా అనేదాన్ని.

మేం చేరిన రెండో ఏడు అమ్మకు ఆడపిల్ల పుట్టి మూడో రోజే పోయింది. నాయన తరఫు వాళ్లు వచ్చేలోపల అమ్మ దగ్గర ఉన్నది పెద్దమ్మే. పాలు గడ్డకట్టి అమ్మ జ్వరంతో మూలుగుతుంటే రొమ్ములకు వేడి గుడ్డలు వేసింది. పక్కబట్టలు ఉతికింది. పసిగుడ్డును తెల్లగుడ్డలో చుట్టి నాయన చేతికిచ్చింది కూడా ఆమే. "ఏడువు, ఏడువు. బిగబట్టుకోవద్దు" అంటూ అమ్మ తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా గదిలోంచి బయటికి పోయాక బావి దగ్గర తలమీంచి నీళ్లు పోసుకుని, తడి చీరతో వాళ్లింట్లోకి పోయింది. పురుడు, చావు రెండూ ఉన్న ఇల్లు కదా, అందుకే అయుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

ప్రతి క్రిస్మస్‌కు అమ్మ కర్జికాయలు చేసేది. మొదటి వాయి పెద్దమ్మకే. స్టీలు డబ్బా నిండా పెట్టి నా చేత పంపేది. ఆమె రెండు చేతులా అందుకుని, "మీయమ్మకు ఎంత శ్రమో" అని, డబ్బా కడిగి, అందులో ఒక బెల్లం గడ్డ వేసి తిరిగిచ్చేది. నాకు పదేళ్లున్నప్పుడు ఒక క్రిస్మస్ నాడు డబ్బా ఇచ్చేసి, మూత మా ఇంట్లోనే ఉండిపోయిందని గుర్తొచ్చి, తీసుకుని పెరటి దోవన పోయాను. పెద్దమ్మ కుడితి తొట్టి దగ్గర వంగి ఉంది. బర్రె మూతి నిండా కొబ్బరిపొడి. అమ్మ పొద్దుటినుంచి పొయ్యి ముందు కూర్చుని ఒత్తిన కర్జికాయలు కుడితిలో తేలుతున్నాయి.

పెద్దమ్మ నన్ను చూసింది. ఆమె ముఖం మాడిపోయింది.

"మూత తెచ్చినావా" అని మాత్రం అంది. డబ్బా కడిగి, బెల్లం గడ్డ వేసి ఇచ్చింది. ఆ రోజు రెండు గడ్డలు వేసింది.

నేను ఇంటికొచ్చి బెల్లం నేలకేసి కొట్టి ఏడ్చాను. అమ్మ అంతా విని, ఏమీ ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు" అంది.

"తెలిసీ ఎందుకు పంపిస్తాండావ్?"

అమ్మ నేలమీది బెల్లం ముక్కలు ఏరుతూ, "పెద్దమ్మ అహోబిలం పోయొచ్చి మనకు పులిహోర ఇస్తాది గదా, అది మనమేం చేస్తాండామో చూసినావా?" అని అడిగింది.

నేను చూశాను. విగ్రహాలకు పెట్టింది తినకూడదని చర్చిలో పాస్టరు గారు గట్టిగా చెప్పారు. నాయన ఆయన మాట జవదాటేవాడు కాదు. ఆ పులిహోరను కాగితంతో సహా తీసుకుపోయి మా కోళ్లకు చల్లేవాడు. పెద్దమ్మ గోడ అవతలే ఉండేది. కోళ్ల అరుపులు ఆమెకు వినబడేవేమో.

"ఇచ్చేటప్పుడు మాత్రం నిజంగానే ఇస్తాదే" అంది అమ్మ. ఆ మాట నా కోపానికి చాలలేదు. చాలా రోజులు నేను పెద్దమ్మ కళ్లలోకి చూడలేదు.

ఎనభైల మొదట్లో నాయనకు, అమ్మకు నంద్యాల బదిలీ అయింది. సామాన్లు ఎక్కించేటప్పుడు పెద్దమ్మ బయటికి రాలేదు. తలుపు సందులోంచి ఆమె చీర కొంగు కనబడింది. అమ్మ గడప ఇవతలే నిలబడి "పోయొస్తాం అక్కా" అంది. ఆ కొంగు లోపలికి జరిగింది.

నేను ఇంటర్మీడియట్ చదివేటప్పుడు పెద్దమ్మను నంద్యాలలో ఒక ఆస్పత్రిలో చేర్చారని తెలిసింది. కడుపులో గడ్డ. ఆపరేషన్ చేశారు. అప్పుడు కోతల కాలం, కొడుకు రోజు విడిచి రోజు వచ్చేవాడు. వాళ్ల చేనిలో పనిచేసే ఒక ముసలామెను తోడుంచి, హోటలు నుంచి క్యారియరు పంపే ఏర్పాటు చేశాడు. అమ్మ, నేను చూడ్డానికి పోయాం. మంచమ్మీద సగం మనిషి ఉంది. పక్కన హోటలు క్యారియరు మూత తీసినట్టే ఉంది, ఒక్క మెతుకు కదల్లేదు.

"కారం నోట్ల పెట్టుకోలేకుండా ఉండా టీచరమ్మా" అంది.

మర్నాడు పొద్దున అమ్మ బియ్యపు నూకతో పలచగా జావ కాచి, మజ్జిగ, ఉప్పు కలిపి తీసుకుపోయింది. పెద్దమ్మ ఆ గిన్నె వైపు చూసి, "ఆడ పెట్టిపో" అంది. సాయంత్రం పోయేసరికి జావ అట్లాగే పేరుకుపోయి ఉంది. అమ్మ గిన్నె కడుక్కుని వచ్చేసింది. రెండో రోజూ అంతే. నాకు కుడితి తొట్టి గుర్తొచ్చి ఒళ్లు మండింది.

"ఇంక నేను రానుమా" అన్నాను.

"రావద్దులే" అంది అమ్మ. కానీ మూడో రోజు నేనే గిన్నె పట్టుకుని వెంట పోయాను.

ఆ రోజు పెద్దమ్మ పెదవులు పగిలి ఉన్నాయి. తోడున్న ముసలామెను కాసేపు వరండాలో కూర్చోమని పంపింది. వాకిలి వైపు ఒకసారి చూసి, "ఇట్ల తా" అంది. చేతులు వణికి గిన్నె నిలవలేదు. అమ్మ మంచం అంచున కూర్చుని, ఆమె మెడ కింద చెయ్యేసి, చెంచాతో పట్టింది. నాలుగు చెంచాలు తాగాక పెద్దమ్మ కళ్లు మూసుకుంది. ఆ మూసిన కళ్లలోంచే నీళ్లు కారాయి.

"ఇన్నేండ్లు నీ చేతిది తినకపోతినే" అంది. "మావోనికి చెప్పొద్దు. వాడు తల ఎత్తుకోలేడు. చెప్పనని అను."

"చెప్పను అక్కా."

"పిల్లకీ చెప్పు."

నేను తలూపాను. పదేళ్లప్పటినుంచి నాలో గడ్డకట్టి ఉన్నది ఏదో ఆ మంచం పక్కనే కరగడం మొదలైంది.

ఆమెను ఇంటికి తీసుకుపోయేదాకా, దాదాపు మూడు వారాలు, రెండు పూటలా మా ఇంటినుంచే తిండి పోయింది. మొదట జావ, తర్వాత మెత్తని అన్నం, చారు. కొడుకు వచ్చే రోజుల్లో హోటలు క్యారియరు ముందర పెట్టుకుని కూర్చునేది. అతను పోయాక అందులోది తోడున్న ముసలామె తినేది. వరండాలో కూర్చున్నా ఆమెకు అన్నీ తెలుసు. ఒక్క మాట బయటపెట్టలేదు.

రెండు నెలలు తిరక్కుండానే పెద్దమ్మ చనిపోయింది. మల్లెపూల దండ కొనుక్కుని ముగ్గురం ఆళ్లగడ్డ బస్సెక్కాం. వాకిట్లో అరుగుమీద పడుకోబెట్టారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే ముందుకుపోయి కాళ్లకు దణ్ణం పెట్టుకుంటున్నారు. అమ్మ కూడా అడుగు వేసింది. కొడుకు అడ్డం వచ్చాడు. కసిరింది లేదు, గొంతు మెల్లగానే ఉంది.

"టీచరమ్మా, మీరు ఆ పక్కన నిలబడండి. శుద్ధి చేసినాం. మావోళ్లంతా ఉండారు."

దండను ఎవరో అందుకుని గోడమీద పెట్టారు. అమ్మ వీధిలోకి వచ్చి ఎండలో నిలబడింది. మూడు వారాలు ఆ మెడ కింద చెయ్యేసి తినిపించిన మనిషి పది గజాల దూరంనుంచి చూస్తోంది. నాకు నోటిదాకా వచ్చింది. అరిచి చెప్పాలనిపించింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఎముకలు నొప్పిపుట్టేంత గట్టిగా పట్టుకుంది.

"ఆమెకు మాటిచ్చినాం" అంది. "పోయినంత మాత్రాన మాట పోదు."

ఆ ఆదివారం నాయన పాస్టరు గారి దగ్గరికి పోయి, ప్రార్థనలో ఆమెను కూడా తలుచుకోమని అడిగాడు. "మన సంఘం మనిషి కాదు గదా సార్" అన్నారాయన. నాయన ఇంటికొచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి తనే ప్రార్థన మొదలుపెట్టాడు. "ప్రభువా, మాకు నీళ్లు తోడిపోసిన తల్లి" అన్నాడు. మోకాళ్లమీద అట్లాగే ఉండిపోయాడు.

అదే ఏడాది మా కాలేజీలో వాదన పోటీ పెట్టారు. రకరకాల మతాలవాళ్లు కలిసి ఉండటం సమాజానికి బలమా, చీలికా అని. బలం అనే పక్షాన నన్ను మాట్లాడమన్నారు. మిగతావాళ్లు పండగల గురించి, ఉరుసుల గురించి, ఒకరికొకరు మిఠాయిలు పంచుకోవడం గురించి బాగా చెప్పారు. నేను వేదిక ఎక్కాను. నా పక్షానికి నాకు తెలిసిన రుజువు ఒక్కటే, అది చెప్పకూడనిది. అవతలి పక్షానికి మాత్రం రుజువులు బోలెడున్నాయి, వాటిలో మా కోళ్లు కూడా ఉన్నాయి. రెండు వాక్యాలు మాట్లాడి దిగిపోయాను. ఇప్పుడడిగినా ఆ ప్రశ్నకు నా దగ్గర తేల్చి చెప్పే జవాబు లేదు. ఇద్దరు మనుషుల మధ్య ఎంత బలముంటుందో చూశాను. నలుగురు చూస్తారంటే అది ఎట్లా దాక్కోవాల్సి వస్తుందో కూడా చూశాను.

సంవత్సరీకం అయ్యాక ఒక మధ్యాహ్నం పెద్దమ్మ కొడుకు నంద్యాలలో మా ఇంటికి వచ్చాడు. వసారాలో కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు. వానల గురించి, శనగ గురించి ఏదేదో మాట్లాడాడు. తర్వాత తల వంచుకుని అడిగాడు.

"మాయమ్మ ఆస్పత్రిలో ఏం తినిందీ టీచరమ్మా?"

"జావ తాగిందప్పా."

"యాడిది?"

"హోటల్ది" అంది అమ్మ.

"హోటల్లో జావ యాడ కాస్తారు" అన్నాడు అతను. నేను తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. అతని భుజాలు కదిలాయి. తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

అమ్మ లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. తీసుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని నీళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు. తాగుతాడనే అనుకున్నాం. చివరికి గ్లాసు మెల్లగా కింద పెట్టి, "మల్లా వస్తా టీచరమ్మా, బస్సుకు టైమయింది" అని లేచాడు.

అతను మళ్లీ రాలేదు. పెద్దమ్మ పోయాక అమ్మ ఏడవగా నేను చూసింది ఆ మధ్యాహ్నమే.