కాల్చని చేను

గోపాల్‌పేట దగ్గర మేం కౌలుకు చేసింది రెండెకరాల ఎర్ర చెలక, వాన మీదే పండే మెట్టనేల. పత్తి ఏరడం కాగానే కట్టె పీకి, కుప్పేసి కాల్చి, చేను నున్నగా చేస్తేనే మా దిక్కు ఒళ్లు వంచే మనిషని పేరు. నేనూ ఏళ్లతరబడి అట్లాగే కాల్చాను. ఒకసారి మట్టి పరీక్ష కాగితం చూసి వ్యవసాయాధికారి, "మట్టిల కర్బనం లేదమ్మా. అదుంటెనే నేల తడి పట్టుకుంటది. మీరేమో ఏటా దాన్ని పొగజేసి పంపిస్తున్నరు" అన్నాడు. నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ ఏడు కాల్చలేదు. కట్టెను ముక్కలు కొట్టించి చేనులోనే పరిచాం. ఎండాకాలపు వానలకు పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లి, ఏపుగా పెరిగాక కలియదున్నాం. దారిన పోయేవాళ్లు నవ్వారు. మా ఆయనకు చేను గల పటేలంటే ఒకటే భయం.

"పటేలు చూస్తే చేను గుంజుకుంటడే!"

"గుంజుకోనీ. నేనైతే కాల్చనంటే కాల్చ" అన్నాను.

పటేలు రానే వచ్చాడు. "ఏందమ్మా, చేనంత గిట్ల చెత్తచెత్త చేసినవ్? చాతగాకుంటే ఇడిసిపెట్టు."

"మూడేండ్లు ఓపికపట్టు పటేలా. బాగుపడకుంటే నేనే ఇడిసిపెడ్త."

సరేనన్నాడు. మూడో ఏడు నెల రోజులు వాన మొహం చాటేసింది. పక్క చేలు వాడిపోయాయి, మా పత్తి నిలబడింది. మట్టి తవ్వితే ఎరుపు తగ్గి, చల్లగా, వానపాములతో ఉంది. పటేలు చేనంతా తిరిగి చూశాడు. "మంచిగ చేసినవమ్మా. వచ్చే ఏడు మేమే చేసుకుంటం" అన్నాడు.

మూడేళ్లు నేను తిండి పెట్టిన మట్టి, మూట కట్టుకుని పోలేను కదా! రెండు రోజులు అన్నం సహించలేదు. మా ఆయన కూలికి పోదామన్నాడు. నేను వినలేదు. ఊరవతల ఇంకో ఆసామి దగ్గర చెలక ఉందంటే పోయి అడిగాను.

"ఏడాదికిస్త, తర్వాత చూద్దాం" అన్నాడాయన.

"ఐదేండ్లకు కాగితం రాయి. కాల్చుమని అడగనని కూడ అండ్లనే రాయి."

"కౌలుకు కాగితమేందమ్మా? నోటిమాట సాలదా?"

"సాలదు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు, కూర్చున్నచోటి నుంచి లేవనూ లేదు. కాసేపు చూసి, ఆయన లోపలికి కేకేసి కలం తెమ్మన్నాడు.