డైరీ టీవీలో సొన్నమ్మ పేరు

ఆ శుక్రవారం పొద్దున సొన్నమ్మ తెచ్చిన పాలలో నీళ్ళు ఉండినాయా, లేదా? నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి ఒకటి ఆ సాయంత్రమే ఉండింది, మా ఇంటికి రెండు వందల అడుగుల దూరంలో, ఆమె కొట్టంలో. నేను పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే ముందు ఆమె సంగతి చెప్పాలి.

కర్ణాటక కోలారు జిల్లాలో, ముళబాగిలు నుంచి కురుడుమలె పోయే దోవలో, తారు రోడ్డు వదిలి లోపలికి తిరిగితే మా ఊరు. కేజీఎఫ్‌లో ముప్పై నాలుగేళ్ళు బడిలో చెప్పి, రిటైరై ఇక్కడ ఒక చిన్న ఇల్లు కట్టుకున్నాను. ఎదురుగానే పాల సంఘం. ఊళ్ళో అందరూ డైరీ అనే అంటారు. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి క్యాన్లు పట్టుకొని జనం ఆ కిటికీ ముందు నిలబడతారు. నా వరండాలో కూచుంటే అంతా కనిపిస్తుంది, వినిపిస్తుంది.

సొన్నమ్మ టేకల్ పక్క పల్లె నుంచి పదిహేడేళ్ళకు ఈ ఊరి కోడలైంది. ఇప్పుడు అరవైకి దగ్గర. రెండు సీమ ఆవులు, పాలిచ్చేది ఇప్పుడు ఒకటే. మొగుడు ఓబలప్ప నరసాపురంలో ఒక కంపెనీ గేటు కాడ సెక్యూరిటీ. డైరీ పెట్టిన మొదటి రోజు పాలు పోసిన పదకొండు మందిలో ఆమె ఒకతె. ఆమెకు కోపం ఎక్కువ అని ఊళ్ళో అంటారు. నేను చూసినంతలో ఎక్కువేమీ కాదు. కోపం రావలసిన చోట ఆమెకు వస్తుంది. మాకు రాదు.

లాక్టోమీటరు రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. గాజు పుల్లను పాలలో వదిలితే అది ఎంత మునిగిందో, ఎంత తేలిందో అందరూ వంగి చూసేవాళ్ళు. "నీళ్ళ పాలు" అని ఎవరి మీదైనా మాట పడితే, పడినవాళ్ళు "ఆవు దగ్గరికి రాండి" అని పిలవచ్చు. పిలిస్తే రావాలి. సంఘం మనుషులు ఇద్దరు, ఊరి పెద్ద ఒకరు నిలబడి చూస్తుండగా పొదుగు కడిగి, పిండి, అక్కడే పుల్ల వేసి చూడాలి. అప్పటి సెక్రెటరీ సుబ్బరాయప్ప ఒకసారి సొన్నమ్మను ఆ మాట అన్నాడు. ఆమె పిలిచింది. పోయినారు. పిండింది. పుల్ల సరిగ్గా నిలబడింది. సుబ్బరాయప్ప మెల్లగా, "సరే తల్లీ, నాదే తప్పు," అన్నాడంట.

"ఈడ ఎవురికి వినిపిస్తాది? కిటికీ కాడ అన్న మాట కిటికీ కాడే దిగమింగు," అన్నది సొన్నమ్మ. ఆయనను నడిపించుకొని పోయి, క్యూలో నిలబడినవాళ్ళ ముందర చెప్పించింది. ఆ తరువాత ఇరవై ఏళ్ళు ఆమె పాల గురించి ఎవరూ నోరెత్తలేదు. పిల్లలకు పట్టేదానికి పాలు కావాలంటే ఊళ్ళో బాలింతలు ఆమె ఇంటికే పోయేవాళ్ళు. ఆమెకు ఉండిన ఆస్తి అది ఒకటే.

గాజు పుల్ల పోయి మిషను వచ్చింది. పాలు ఒక చిన్న గొట్టంతో పీల్చి, వెన్న ఎంత, గట్టిదనం ఎంత, కలిసిన నీళ్ళు ఎంత అని లాప్‌టాప్‌లో చూపించే మిషను. లాప్‌టాప్ ముఖం లోపలికి. దాని ముందర ఇప్పటి సెక్రెటరీ మోహన్‌కుమార్. పక్కన పాలు పరీక్ష చేసే చంద్రిక. చీటీ అచ్చు కొట్టే కాగితం చుట్ట అయిపోయి ఏడు నెలలు. మెసేజ్ వస్తుంది గాని, సొన్నమ్మ లెక్కలు పోయేది నరసాపురంలో ఓబలప్ప జేబులోని ఫోనుకు. "వెన్న మూడు ఐదు, పో అక్కా," అని మోహన్‌కుమార్ అంటే పోవాలి. అంతే.

నాకు కండ్లు మందగించినాక పుస్తకాలను లాప్‌టాప్‌లోకి ఎక్కించుకొని, దాన్ని టీవీకి కలిపి, అక్షరాలు పెద్దవి చేసుకొని చదువుతున్నాను. సొన్నమ్మ రోజూ డైరీ పని ముగించుకొని మా ఇంట్లో అర లీటరు పోసి పోయేది. ఒకరోజు గడప కాడ నిలబడిపోయింది.

"ఏంది మేష్ట్రూ ఇది, గోడ మీదంతా అక్షరాలు?"

"పుస్తకమమ్మా. ఈ కంప్యూటర్లో ఉండేది ఆ టీవీలో కనిపిస్తాది."

ఆమె పోయి టీవీ వెనక తొంగి చూసింది. "వైరు యాడ?"

"వైరు అక్కరలేదు. రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు."

"డైరీ హాల్లోనూ టీవీ ఉండాది కదా. మోహనుడు క్రికెట్ చూస్తాడు."

"ఉండాది."

"అయితే ఆ కంప్యూటర్లో వానికొకనికి కనిపించేది అందరికీ కనిపించేట్ల చేయచ్చు."

"చేయచ్చు," అన్నాను. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు. ఆమె ఆలోచించింది.

మూడు వారాలు, ఒక్క పూటా వదలకుండా, కిటికీ కాడ అదే అడిగింది. మొదట మోహన్‌కుమార్ వైరు చాలదన్నాడు. "వైరు అక్కరలేదంట, మేష్ట్రు చెప్పినారు," అన్నది. అట్ల పెట్టాలని రూల్ లేదన్నాడు. "పెట్టొద్దని ఉండాదా?" అన్నది. చివరకు కంప్యూటర్లో రహస్యాలు ఉంటాయన్నాడు.

"పాలల్లో ఏమప్పా రహస్యం? ఆవుకు తెలుసు, నాకు తెలుసు. ఇంగ నీకొకనికే ఎందుకు తెలియాల?"

క్యూ అంతా నవ్వింది. సంఘం ప్రెసిడెంటు దొడ్డమునియప్ప ఆ పూట అక్కడే ఉన్నాడు. "పెట్టి పారేయప్పా. పెడితేగాని ఈయమ్మ నోరు ఆగదు," అన్నాడు.

సోమవారం నేనే పోయి కలిపినాను. లాప్‌టాప్‌లో రెండు మీటలు కలిపి నొక్కితే పక్కన ఒక పట్టీ తెరుచుకొని, చుట్టుపక్కల ఉన్న టీవీల పేర్లు చూపిస్తుంది. డైరీ టీవీ పేరు వచ్చింది. దాన్ని నొక్కితే టీవీ మీద నాలుగు అంకెలు పడినాయి. అవి లాప్‌టాప్‌లో కొడితే లోపలి తెర మొత్తం హాల్లో గోడ మీదికి వచ్చి నిలబడింది. వెనక వరుసకు కూడా కనిపించాలని కన్నడ అక్షరాలు వీలైనంత పెద్దవి చేసినాను. లాప్‌టాప్ కంటే టీవీలో రెండు క్షణాలు ఆలస్యంగా వస్తుంది, అంతే తేడా.

"నా పాలు చూడే, నా మొగుని కన్నా నయం," అని ఒకామె అంటే ఆడవాళ్ళు విరగబడి నవ్వినారు. సొన్నమ్మ వరుస వచ్చింది. వెన్న మూడు ఎనిమిది, గట్టిదనం ఎనిమిదిన్నర, నీళ్ళు సున్నా. ఆమె నవ్వలేదు. తన పేరును ఒకసారి కూడబలుక్కొని చదువుకొని, క్యాను ఎత్తుకొని పోయింది. నాలుగు రోజులు అట్లే జరిగింది.

శుక్రవారం పొద్దున పది నిమిషాలు కరెంటు పోయింది. వచ్చినాక నేను పోయి టీవీని మళ్ళీ కలిపినాను, చంద్రిక మిషనును నీళ్ళు పట్టి కడిగింది. ఆ తరువాత మొదటి క్యాను సొన్నమ్మది. టీవీలో ఆమె పేరు వచ్చింది. నీళ్ళు నూటికి పద్దెనిమిది పాళ్ళు. వరుస మొత్తం ఎర్రగా మారింది.

"ఇప్పుడే కదన్నా మిషను కడిగింది, గొట్టంలో నీళ్ళు..." అన్నది చంద్రిక.

"నువ్వుండమ్మా," అన్నాడు మోహన్‌కుమార్. "అక్కా, ఈ పాలు వద్దు. తీసుకొని పో."

"ఇంకొకసారి చూడు."

"అందరికీ రెండు రెండు సార్లు చూస్తా ఉంటే పాల లారీ ఆగతాదా?"

సొన్నమ్మ క్యాను తీసుకొని మోరీ దగ్గరికి పోయి, ఐదు లీటర్లూ పారబోసింది. నురుగు కొట్టుకొని పోయింది. నా వంతు అర లీటరు కూడా అందులోనే పోయింది. ఆమె కోపం తెలిసినవాణ్ణి కాబట్టి నాకు వింత అనిపించలేదు. క్యూలో మాత్రం ఎవరో అన్నారు: "నీళ్ళు లేకుంటే ఎందుకు పారబోస్తాది?"

అంతలో లాప్‌టాప్‌కూ టీవీకీ కలిపిన లంకె తెగింది. లాప్‌టాప్‌లో తరువాతి పేర్లు నడుస్తున్నాయి గాని టీవీ బిగుసుకొనిపోయింది. సొన్నమ్మ పేరు, ఎర్ర వరుస, పద్దెనిమిది. నేను రిమోటు నొక్కినాను. కదలలేదు.

"స్విచ్ ఆపేయప్పా," అన్నాను.

"ఆపితే మళ్ళీ సెట్ చేసేది ఎవురు మేష్ట్రూ? సాయంత్రం మీరే వచ్చి చూడండి. అందరికీ కనిపించాలని అడిగింది ఆయమ్మే కదా. కనిపించనీ."

ఎనిమిదింటికి మోహన్‌కుమార్ ఇనుప జాలీ తలుపు వేసి తాళం పెట్టుకొని పోయినాడు. జాలీ గుండా టీవీ వీధిలోకి కనిపిస్తుంది. మరిచిపోయినానని తరువాత చెప్పినాడు. ఆ మాట నేను నమ్మలేదు, ఈ రోజుకూ నమ్మను. పోనీ, తాళం పడకముందు స్విచ్ నా చేతికి అందేంత దూరంలోనే ఉండింది. నేను మాత్రం ఏం చేసినాను? ఒక మాట అని, ఇంటికొచ్చి, వరండాలో కూచొని, ఆ పేరును మధ్యాహ్నం దాకా చూసినాను. కండ్లు మందగించిన నాకే స్పష్టంగా కనిపించింది. అంత పెద్ద అక్షరాలు పెట్టింది నేనే. బడికి పోయే పిల్లలు చదువుకుంటూ పోయినారు. కూరగాయలు అమ్మే అతను మోపెడ్ ఆపి చదివినాడు.

మూడింటికి సొన్నమ్మ వీధిలోకి వచ్చింది. జాలీ వైపు చూడను కూడా లేదు. ఇంటింటి ముందరా నిలబడి పిలిచింది.

"గుండప్పన్నా, నాలుగింటికి ఆవును పిండతా. వచ్చి చూడు. కదిరప్పా, నువ్వూ రా."

"ఆ రోజులు పోయినాయి కదమ్మా," అన్నాడు గుండప్ప. "ఇప్పుడు మిషనే చెప్తాది. మేం చూసి ఏం చేసేది?"

దొడ్డమునియప్ప డైరీ అరుగు మీదనే ఉన్నాడు. "అది గాజు పుల్ల కాలం రూలు సొన్నా. టీవీలో ఊరంతా చూసినాక ఇంగ కొట్టంలో చూసేదేముండాది? టీవీ కావాలన్నది నువ్వే కదా తల్లీ."

అంతలో నరసాపురం బస్సు మలుపు కాడ ఆగింది. ఓబలప్ప యూనిఫాంతోనే దిగినాడు. వెంట ఇంకో ఇద్దరు. ముగ్గురూ జాలీ ముందర నిలబడి చదివినారు. ఓబలప్ప వెనక్కి తిరిగి, అందరూ వింటుండగా, పెండ్లామును అడిగినాడు:

"ఏమే, నీళ్ళు పోసినావా?"

ముప్పై తొమ్మిదేళ్ళు ఆమె పిండిన పాలు తాగినవాడు. ఆమె అతని టోపీ మొదలు బూట్ల దాకా ఒకసారి చూసింది.

"నువ్వు కూడా నాలుగింటికి రా. చూద్దువు."

తరువాత నా వరండా ముందరికి వచ్చింది. "మేష్ట్రూ, ఎవురూ రారంట. మీరొక్కరు వచ్చి నిలబడితే చాలు. మీ మాట వింటారు."

"వస్తానమ్మా. ముందు ఆ టీవీ సంగతి చూసి, నీ పేరు తీయించి వస్తా," అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

నాలుగింటికి మోహన్‌కుమార్ తలుపు తీసినాడు. నేను నేరుగా పోయి టీవీ స్విచ్ ఆపినాను. పేరు పోయింది. అయిదు క్షణాల పని. అప్పుడే వెనక్కి తిరిగి ఆమె కొట్టానికి పోవలసింది. పోలేదు. టీవీ మళ్ళీ వేసినాను. లాప్‌టాప్‌లో వెతికితే టీవీ పేరు రాలేదు. వైఫై పెట్టెను ఆపి వేసినాను. రాలేదు. టీవీ పాత పాస్‌వర్డ్ పట్టుకొని కూచున్నట్టుంది. పాతదాన్ని మరిపించి, కొత్తగా కొట్టి, మళ్ళీ వెతికినాను. పజిల్ నింపేవాడికి చివరి రెండు గళ్ళు మిగిలినప్పుడు ఉండే మొండితనం పట్టింది నాకు. సొన్నమ్మ ఆవు అరుపు వినిపించింది. పిండే వేళ దాటితే పొదుగు నొప్పికి అరుస్తుంది. విన్నాను. "ఇంకొక్క నిమిషం," అనుకున్నాను. అట్ల ఎన్నిసార్లు అనుకున్నానో. అరుపు ఆగిపోయింది. నేను తల ఎత్తలేదు. అయిదున్నరకు టీవీ మీద నాలుగు అంకెలు పడినాయి. కొట్టినాను. కలిసింది. చంద్రిక చప్పట్లు కొట్టింది. సిగ్గు లేకుండా నేను కూడా నవ్వినాను.

సొన్నమ్మ వచ్చింది. క్యూ చివర నిలబడింది. ఓబలప్ప ఆమె వెంట లేడు.

"కలిసిందమ్మా," అన్నాను, రిమోటు చేతిలోనే ఉంది. "పొద్దుటిది పోయింది."

"ఆవు గంటసేపు అరిచింది మేష్ట్రూ," అన్నది. "ఇంగ ఎవురూ రారని నేనే పిండినా."

రిమోటు పక్కన పెట్టినాను. ఆమె వరుస వచ్చింది. చంద్రిక గొట్టం ముంచింది. టీవీలో పేరు పడింది. వెన్న మూడు తొమ్మిది, గట్టిదనం ఎనిమిదిన్నర, నీళ్ళు సున్నా. క్యూలో కొందరు చూసినారు. కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు.

"చూడక్కా," అన్నాడు మోహన్‌కుమార్, పిల్లకు బుద్ధి చెప్పినట్టు. "సాయంత్రం ఎంత బాగుండాయి. రోజూ ఇట్లే తెచ్చినావంటే మనకు ఏం గొడవ?"

అతని కాలరు పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది నాకు. పట్టుకోలేదు. సొన్నమ్మ అరుస్తుందనుకున్నాను. అందరూ అదే అనుకున్నట్టున్నారు, క్యూ కొంచెం వెనక్కి జరిగింది. ఆమె అరవలేదు. పాలు కాటాలో పోసేదానికి చంద్రిక చాచిన చేతిని పక్కకు జరిపి, మూత తీసుకొని బిగించి, క్యానును కిటికీ గట్టు మీద నుంచి దించుకుంది.

"అక్కా, పోయవా?" అన్నాడు మోహన్‌కుమార్. "ఇన్నేండ్ల నుంచి..."

"కోపం ఇంట్లో పెట్టి రా సొన్నా," అన్నాడు దొడ్డమునియప్ప అరుగు మీద నుంచి. "పోసి పోమ్మా."

టీవీలో తరువాతి పేరు వచ్చింది. నిండు క్యాను మోకాలికి తగులుతుంటే ఆమె నా ముందర నుంచే నడిచింది. ముఖం ఇటు తిప్పలేదు. అర లీటరు పోయకుండానే మా ఇంటి గడప దాటి, తన ఇంటి సందు కూడా దాటి, ముళబాగిలు పోయే తారు రోడ్డు వైపు తిరిగిపోయింది.