మొగ దగ్గర పరుగు లైట్లు

మా మావయ్య గారు పోయారు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని, "కాసేపు నడుం వాలుస్తానమ్మాయ్" అని అరుగు మీద మంచం వాల్చుకున్నారు. టీ పెట్టి పిలిస్తే పలకలేదు. ఒళ్లు అప్పటికే చల్లబడింది. ఆయన ఒక్కగానొక్క కొడుకు, అంటే మా ఆయన, వేటకెళ్లి సముద్రం మీద ఉన్నారు. ఫోను అందలేదు. తలకొరివి పెట్టాల్సిన మనిషికి తప్ప చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కబురు తెలిసిపోయింది.

నాది గుడివాడ. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాను. పెళ్లయి ఈ జాలర్ల ఊరికి వచ్చాక బందరులో సెల్‌ఫోన్ రిపేరు షాపులో పనికి కుదిరాను. ఒకరోజు షాపు నుంచి రాగానే మావయ్య గారు, "అమ్మాయ్, చవితి పందిట్లో ఒకదాని వెంట ఒకటి పరుగెత్తే లైట్లుంటాయే, అవి చెయ్యడం నాకు నేర్పుతావా?" అని అడిగారు. నవ్వొచ్చింది. ఈ వయసులో ఇదేం సరదా అనుకున్నాను.

సరదా కాదని తర్వాత తెలిసింది. మా పడవలు సముద్రం నుంచి ఏట్లోకి తిరిగే చోటును మొగ అంటాం. అక్కడ ఒక పక్క ఇసుక మేట. వెనకటికి ఒడ్డున మా రేవు దీపం ఒక్కటే ఉండేది, దాన్ని చూసి తిరిగేవారు. రొయ్యల చెరువులొచ్చాక ఒడ్డంతా లైట్లే. ఏది రేవో, ఏది చెరువో తెలియక మావయ్య గారి తమ్ముడు పడవను మేట మీదికి తోలేశాడు. మర్నాడు శవం దొరికింది. ఇప్పుడు అదే దారిలో కొడుకు వెళ్తున్నాడు. పరుగెత్తే లైట్లయితే చెరువు లైట్లలో కలిసిపోవు, పైగా ఎటు తిరగాలో అటే పరుగెడతాయి. అదీ ఆయన ఆలోచన.

ఒక చిన్న బ్యాటరీ, పది ఎల్‌ఈడీలు, రెండు ఐసీ చిప్పులు తెచ్చిపెట్టాను. ఐసీని అరచేతిలో పెట్టుకుని, "ఓసి దీని దుంపతెగ! జెర్రిలా ఎన్ని కాళ్లే దీనికి!" అన్నారు. ఒక ఐసీ టిక్కుటిక్కుమని తాళం వేస్తుందని, రెండోది ఆ తాళానికి లైట్లను ఒక్కొక్కటిగా పిలుస్తుందని చెప్పాను. కరెంటు తగ్గించే రెసిస్టర్ మర్చిపోయి మొదటి ఎల్‌ఈడీని మాడ్చేశారు. నేను కసిరాను కూడా. ఆయన నొచ్చుకోలేదు. "తొందరేం లేదమ్మాయ్, సముద్రం ఎక్కడికీ పోదుగా" అన్నారు.

మర్నాడు నేను షాపుకెళ్లాక మొత్తం ఆయనే కట్టేశారు. వల తేలడానికి తాటికి వరసగా బెండ్లు కట్టే అలవాటు కదా, అలాగే ఐసీ కాళ్లు నిలబడ్డ వరసనే లైట్లు గుచ్చేశారు. నేను వచ్చాక స్విచ్ వేస్తే లైట్లు పరుగెత్తలేదు, ఇటొకటి అటొకటి గెంతాయి. "బతికున్న రొయ్యల్ని గట్టు మీద పోసినట్టుందేంటే!" అని తెల్లబోయారు. ఆ ఐసీ తన కాళ్లను వరసగా పిలవదు, దాని లెక్క దానికుంటుంది. అది చెప్పాక అన్నీ విప్పేశారు. కళ్లు ఆనవు కాబట్టి ఎన్నో లైటో తెలిసేలా ప్రతి వైరుకీ దారంతో అన్ని ముళ్లు వేసుకున్నారు, వేళ్లతో తడుముకుంటూ మళ్లీ కట్టారు. ఎంతసేపు సరిచూస్తారని విసుక్కుంటే, "వెలక్కపోతే ఆడు జాగ్రత్తగా వస్తాడు. తప్పుగా వెలిగితే నమ్మి వస్తాడమ్మాయ్" అన్నారు. నేనూ పక్కన కూర్చుని ఇంకోసారి సరిచూశాను.

తర్వాత పాత బైకు బ్యాటరీ, పెద్ద ఎల్‌ఈడీలు, వాటికి ట్రాన్సిస్టర్లు పెట్టి, అంతా ఒక వెదురు గెడకి బిగించి ఇంటి కప్పు మీద కట్టాం. "మా నాన్న ఇంటి మీద జాతర పెట్టాడు" అని మా ఆయన మొదట్లో వెక్కిరించారు. ఒక మంచు రోజున ఆ లైట్లు పట్టుకునే ఒడ్డు చేరాక ఆ నోరు మూతపడింది. అప్పట్నుంచి పొద్దుగూకగానే నిచ్చెనెక్కి స్విచ్ వేయడం మావయ్య గారి పని. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఆయన పోయిన రోజు పడవ చీకటి పడ్డాక రావాలి. అరుగు మీద ఐసు పెట్టెలో ఆయన, వాకిలి నిండా జనం. ఏడ్చి ఏడ్చి ఉన్న నాకు చీకటి చూశాక లైట్లు గుర్తొచ్చాయి. లేచి నిచ్చెన వేస్తుంటే మావయ్య గారి అక్క, మా పెద్దత్త, చెయ్యి పట్టుకుంది.

"శవం గుమ్మంలో ఉంటే సీరియల్ లైట్లేంటే? పెళ్లనుకున్నావా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ అత్తా! రేపు ఇంకో పెట్టె తెప్పించమంటావా?" అని అరిచాను. అనకూడని మాటే. పెద్దత్త చెయ్యి వదిలేసింది, తనే వచ్చి నిచ్చెన కాళ్లు పట్టుకుంది.

స్విచ్ వేసి రేవుకి పరుగెత్తాను. కాసేపటికి ఇంజను చప్పుడు వినబడింది. పడవ మేట తప్పించుకుని మొగలోకి తిరిగింది. మా ఆయన తాడు నా వైపు విసురుతూ నవ్వారు. "ఏంటీ, ఇవాళ లైటు ఇంత లేటు? నాన్న నిద్రపోయాడా?"

నేను తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన నా మొహం చూశారు. తర్వాత నా భుజం మీదుగా, పరుగెడుతున్న లైట్ల కింద మా వాకిట్లో చేరిన జనాన్ని చూశారు.