గోడవైపు తిప్పిన స్పీకర్లు

మొన్న మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు సర్దుతుంటే కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. మిర్యాలగూడలో ఒకప్పుడు మేము కిరాయికున్న ఇంటి ఓనరమ్మ పోయిందని ఆమె చెల్లెలు చెప్పింది. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట. ఎవరెవరికి కబురు చెయ్యాలా అని కూర్చుంటే చుట్టాలతో పాటు నా పేరు కూడా గుర్తొచ్చిందన్నది. ఫోన్ పెట్టేశాక గిన్నె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. మనిషి పోతే సిగ్గు రావడమేమిటని మీకు అనిపించవచ్చు. అది చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ఇల్లు పెద్దదేమీ కాదు. మధ్యగోడ ఒక్కటే, అటు చిన్న పోర్షన్, ఇటు పెద్ద పోర్షన్. పెద్దది మాకిచ్చి, చిన్నదాంట్లో ఆమె ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఓనరమ్మ అంటే మనకు తెలిసిన లెక్క ఒకటుంది కదా, నడుముకు తాళాలగుత్తి, నోటినిండా ఆరాలు. ఈమెలో ఆ వాసనే లేదు. ఏదన్నా పనిబడితే మా మెట్ల దగ్గర నిలబడి దగ్గేది. లోపలికి రా పెద్దమ్మా అంటే వచ్చేది కాదు. "ఇల్లు నాదైతేంది బిడ్డ, గడప మీది" అనేది. కరివేపాకు తెచ్చినా గడప బయటే పెట్టి పోయేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, ప్రతిసారీ ఎంత పద్ధతి గల మనిషి అనుకున్నాను గానీ, ఆ పద్ధతి ఆమెకెంత కష్టమైందో నాకు తట్టలేదు.

మా పిల్లలు గేటు తీస్తే చాలు, ఎవరొచ్చారో చూడకుండానే పేరు పెట్టి పిలిచేది. పెద్దవాడి నడక వేరు, చిన్నదాని నడక వేరు అని నవ్వేది. సాయంత్రం కాగానే కొబ్బరినూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని, ముడి వేసుకుని, తలుపు దగ్గరికి వేసుకునేది. ఇక పొద్దున్నే కనపడేది. పెద్దవాళ్లు కదా, తొందరగా పడుకుంటారేమో అనుకునేవాళ్లం.

మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. మా ఇంట్లో టీవీ ఆయన అన్న చాలా ఏళ్లు వాడుకుని మాకిచ్చింది. బొమ్మ బాగానే వచ్చేది, సౌండ్ మాత్రం గరగర. ఎండాకాలం కూలర్ వేస్తే ఇక ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని సౌండ్ ఉన్నంత పెంచి, మధ్యగోడకు ఆనించిన స్టాండు మీద పెట్టుకుని చూసేవాళ్లం. ఈలోపు మా ఆయన త్రిపురారంలో దోస్తు ఇంట్లో హోం థియేటర్ చూసి వచ్చాడు. అది మొదలు అన్నం దగ్గర కూడా అదే ముచ్చట. ఫైట్ వస్తుంటే గుండెల మీద గుద్దినట్టే ఉంటదని చెప్పి, నా భుజం మీద గుద్ది చూపించేవాడు. మన సంపాదనకు హోం థియేటర్ ఏందని నేను మొదట్లో గొణిగాను. కానీ నాక్కూడా సీరియల్లో మాటలు సగం వినపడక విసుగ్గానే ఉండేది. సరే, చేతిలో ఉన్నదాంట్లో వచ్చేది ఏదన్నా తెచ్చుకుందామని ఒప్పుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఒకరోజు ఓనరమ్మ మెట్ల దగ్గర దగ్గింది. బయటికి పోతే నవ్వుకుంట అన్నది:

"మీ టీవీ సప్పుడు మా ఇంట్లకు మంచిగ ఇనొస్తది బిడ్డ."

అంతే. అని వెళ్లిపోయింది.

కిరాయికి ఉన్నవాళ్ల చెవి వేరుగా ఉంటుంది. అది ఉన్నవాళ్లకే తెలుస్తుంది. అంతకుముందు సూర్యాపేటలో మేమున్న ఇంటి ఓనరు, మీ ఇంటికి చుట్టాలు మస్తు వస్తరమ్మా, మంచి కుటుంబం అనేవాడు. అంటే నీళ్లు ఎక్కువ వాడుతున్నారని. పిల్లలు హుషారున్నరు అంటే గోడలు పాడవుతున్నాయని. పోయేటప్పుడు తలుపు మెల్లగ వేస్తున్నరు అంటే రేపటినుంచి మెల్లగ వెయ్యమని. ఓనరు పొగిడినప్పుడల్లా మేము తిరగేసి వినడం నేర్చుకున్నాం. మంచిగ ఇనొస్తది అంటే ఇక అర్థం వేరే చెప్పాలా? ఆ సాయంత్రం ఇద్దరం గుసగుసగా అదే మాట్లాడుకున్నాం. పిల్లల బడికి దగ్గర, నీళ్లకు కరువు లేని ఇల్లు. ఆ కిరాయికి అట్లాంటిది ఇంకోటి దొరకదు. ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం?

అందుకని సూర్యాపేటలో మా ఆయన చిన్నప్పటి దోస్తు నడిపే టీవీల షాపుకు పోయినప్పుడు, మాక్కావలసిన వస్తువు మారిపోయింది. మా ఆయన కళ్లు మాత్రం ఐదు స్పీకర్ల సెట్టు మీదే ఉన్నాయి. కింద దరువు కోసం పెద్ద వూఫర్ డబ్బా, దాని చుట్టూ నాలుగు మూలలకు నాలుగు, మధ్యలో ఒకటి. పాట పెడితే షట్టర్ అదిరింది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను జరిగింది చెప్పాను. షాపతను పాట ఆపేసి, మీకు మాటలు వినాలా దరువు వినాలా అని అడిగాడు. మాటలే అన్నాను, మా ఆయన నోరు తెరిచేలోపు. అయితే ఆ ఐదింటి జోలికి పోవద్దన్నాడు. చిన్న హాల్లో ఐదు పెట్టినా దండగే, పైగా గోడలకు మేకులు కొట్టాలి. ఓనరు గోడకు మేకా! వూఫర్ అసలే వద్దు, అన్నిటికంటే ముందు గోడ దాటేది దాని చప్పుడే. ఉన్న డబ్బులకు ఎవరో మార్చుకుని పోయిన రెండు పాత స్పీకర్లు, ఒక చిన్న ఆంప్లిఫయర్ తీసుకోమన్నాడు. టీవీ సౌండ్ బంద్ చేసి, స్పీకర్లను మధ్యగోడకు ఎదురుగోడ దగ్గర, మీరు కూర్చునే చోటుకు దగ్గరగా, చెవి ఎత్తులో పెట్టుకుంటే తక్కువ సౌండ్‌లోనే ప్రతి మాటా వినపడుతుందని చెప్పాడు.

బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాం. స్పీకర్ల కింద పాత చెప్పుల రబ్బరు ముక్కలు కోసి పెట్టాడు మా ఆయన. వూఫర్ పోయిందన్న బాధ అట్లా తీర్చుకున్నాడు పాపం. టీవీ పెట్టగానే నేను బయటికి పోయి, ఓనరమ్మ వరండాలో నిలబడి విన్నాను. ఏమీ లేదు. ఆమె తలుపు దాకా పోయి మళ్లీ విన్నాను. చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. పరుగెత్తుకుంటూ వచ్చి, గెలిచాం అన్నట్టు చెయ్యి ఊపాను. ఇప్పుడు ఆ ఊపిన చెయ్యి గుర్తొస్తే ఎక్కడ దాచుకోవాలో తెలియదు.

కొన్నాళ్లకు ఓనరమ్మ మళ్లీ మెట్ల దగ్గర దగ్గింది. టీవీ కరాబైందా అని అడిగింది. నేను పెద్ద ఘనకార్యం చేసినట్టు, లేదు పెద్దమ్మా, మీకు సప్పుడు రాకుండ కొత్త స్పీకర్లు పెట్టుకున్నం అని చెప్పాను. ఆమె కొంగు భుజం మీదికి సర్దుకుంది. తర్వాత, మంచిగ చేసిన్రు బిడ్డ అన్నది. నేను ఈసారి తిరగేసి వినలేదు. ఒక్కసారి, ఆ ఒక్కసారి తిరగేసి వినాల్సింది.

వానలు మొదలయ్యాక ఆమెకు జ్వరం వచ్చింది. ఒకరోజంతా బయటికి రాకపోతే జావ కాచుకుని నేనే పోయాను. ఆమె గదిలోకి పోవడం అదే మొదలు. గోలీల షీటు చేతికిస్తే వేళ్లతో తడిమి, ఇది జ్వరానిదా తలనొప్పిదా అని అడిగింది. ముఖం దగ్గరికి పెట్టుకుని కూడా చూడలేకపోయింది. చూపు పోతున్నదని, నీడలు తప్ప కనపడవని, చెల్లెలికి తెలిస్తే కోదాడ తీసుకుపోతుందని ఎవరికీ చెప్పలేదని అప్పుడు చెప్పింది. నడకలు గుర్తుపట్టడం ముద్దు కోసం కాదని అప్పుడు తెలిసింది. జావ గిన్నె ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాను. మధ్యగోడను ఆనుకుని ఒక పీట ఉంది. పీట మీద కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో, సున్నం గోడ మీద అరచేయంత నూనె మరక. నల్లబడి, నిగనిగలాడుతూ, ఎన్ని సాయంత్రాలదో. గోడకు అవతల సరిగ్గా అక్కడే మా టీవీ.

ఇంటికొచ్చి స్టవ్ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె పొగడలేదు, దెప్పలేదు. ఉన్నమాట చెప్పింది. మంచిగ ఇనొస్తది అంటే మంచిగ ఇనొస్తదనే. సాయంత్రం తల దువ్వుకుని, ముడి వేసుకుని, పేరంటానికి పోయినట్టు మా సీరియల్‌కు తయారై కూర్చునేది ఆ మనిషి. మేము రబ్బరు ముక్కలు కోసి మరీ ఆమెకు తలుపు మూశాం.

మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన లేచి, రెండు స్పీకర్లూ మోసుకొచ్చి టీవీ పక్కన పెట్టి, ముఖాలు గోడవైపు తిప్పాడు. రబ్బరు ముక్కలు తీసి పారేశాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో టీవీ బొమ్మ మాకు, మాటలు ఓనరమ్మకు. మేము చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్లం. పిల్లలు విసుక్కుంటే వైరు తప్పయిందని చెప్పాం. లోపలికొచ్చి చూడు పెద్దమ్మా అని పిలవవచ్చు కదా అంటారేమో. పిలిచాను. గడప మీది అన్నది. గట్టిగా పట్టుబడితే మరక చూశానని చెప్పాల్సి వస్తుంది. ఆమె గుట్టు ఆమెకు ఉండనీ అనుకున్నాను. స్పీకర్లు తిప్పిన మర్నాడు పొద్దున ఆమె మెట్ల దగ్గర దగ్గి, సప్పుడు మళ్ల ఇనొస్తుంది బిడ్డ అన్నది. వైరు తప్పైంది పెద్దమ్మా, ఇగ ఇట్లనే ఉంటది అన్నాను. ఉండనియ్యి అన్నది.

తర్వాత మా ఆయనకు సూర్యాపేటలో కొంచెం మెరుగైన పని దొరికింది. మేము సామాను ఎత్తుతున్న రోజే కొత్తగా కిరాయికి వచ్చే జంట ఇల్లు చూడటానికి వచ్చింది. వాళ్ల కొత్త టీవీ ఎదురుగోడకు బిగిస్తామని, పెద్దమ్మకు ఏ ఇబ్బందీ రానివ్వమని ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. ఓనరమ్మ పక్కనే నిలబడి ఉంది. టీవీ ఈ గోడకే పెట్టమ్మా అని చెప్పడానికి నా నోటి దాకా వచ్చింది. ఎందుకు అంటే ఏం చెప్పను, ఆమె ముందర? చెప్పలేదు. పక్కకు పిలిచి అయినా చెప్పి ఉండవచ్చు. లారీ వాడు తొందరపెడుతున్నాడని ఎక్కేశాను. ఇన్నేళ్లలో ఫోన్ చేసినప్పుడల్లా, టీవీ ఇనొస్తున్నదా అని అడగబోయి, తిన్నవా పెద్దమ్మా అని అడిగాను.

కళ్లు పూర్తిగా పోయాక చెల్లెలు కోదాడ తీసుకుపోయింది. నిన్న అక్కడికి పోయి, టెంటు కింద ఆమె చెల్లెలి పక్కన కూర్చున్నాను. మాటల్లో ఆమె నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది:

"నీ గురించి తెగ చెప్పేదమ్మా మా అక్క. నా కోసం స్పీకర్లు గోడకి తిప్పింది, నాకు తెలవదనుకుంటది పిచ్చిది అనేది. పిల్లలు విసుక్కునేది గోడలోంచి వినపడేది, వాళ్లకి వినపడట్లేదని నాకు తెలుసు, చెప్తే ఆ పిల్ల సిగ్గుపడుద్ది, నాకేమో మాటలు పోతాయి, సిగ్గు లేకుండా నోరు మూసుకున్నా అని నవ్వేది."

ఆమె గుట్టు నేను కాపాడాననుకుని ఇన్నేళ్లూ కొంచెం గర్వం కూడా దాచుకున్నాను. నన్ను కాపాడింది ఆమె. అంత తెలిసిన మనిషిని, ఆ కొత్త జంట మర్యాదకు అప్పజెప్పి లారీ ఎక్కాను. ఎన్ని చప్పుడు లేని సాయంత్రాలు గడిపిందో. అడగడానికి ఇప్పుడు మనిషి లేదు.

చీకటి పడుతుండగా తల ఎత్తాను. పక్కింటి కిటికీలో టీవీ వెలుగుతోంది. చావు ఇల్లు కదా పక్కన, సౌండ్ పూర్తిగా తీసేసి చూస్తున్నారు. తెర మీద ఆడవాళ్లు నోళ్లు తెరుస్తున్నారు, ఏడుస్తున్నారు, ఒక్క మాటా బయటికి రావడం లేదు. పోయినామె కోసం ఆ సౌండ్ కాస్త పెంచమ్మా అని అడగాలని లేచి నిలబడ్డాను. చుట్టూ అంతమంది, ఏమనుకుంటారోనని అక్కడే ఆగిపోయాను. నేను అటే చూస్తున్నానని ఆ ఇంటావిడ గమనించింది. తప్పు చేసినట్టు తల వంచుకుని, గబగబా వచ్చి, కిటికీ రెక్కలు కూడా మూసేసింది.